పీహెచ్ 3 అంటే ఎంత ఆమ్లం? బలాన్నీ గాఢతనూ విడదీసి చూడటం ఎలా

ఒక బీకరులో లీటరుకు 6 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్ళున్నాయి. పక్క బీకరులో లీటరుకు 0.05 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రమే ఉంది. పీహెచ్ మీటరు పెట్టి చూస్తే రెండూ దాదాపు 2.87 అనే చూపిస్తాయి. మోల్స్ (అణువుల సంఖ్యను కొలిచే ప్రమాణం) లెక్కన మొదటి దాంట్లో 75 రెట్లు ఎక్కువ ఆమ్లం ఉన్నా మీటరుకు ఆ తేడా తెలియదు.

మీటరు కొలిచేది ఆ క్షణాన నీళ్ళలో విడిగా తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లను. ఆమ్లం మొత్తం ఎంత పోశారు, అది ఏ రకం ఆమ్లం అన్న సంగతులు ఆ ఒక్క అంకెలోంచి బయటికి రావు. పరీక్షల్లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. అందుకే ముందు కాగితం మీద లెక్క కట్టి, తర్వాత చేత్తో చేసి చూద్దాం. పదో తరగతి వాళ్ళకు వెనిగర్ ప్రయోగం దాకా చాలు, ఇంటర్ వాళ్ళు టైట్రేషన్ (క్షారం కొలిచి పోస్తూ మొత్తం ఆమ్లాన్ని తేల్చే పద్ధతి) కూడా వదలకండి.

1. ఏది ఏమిటో ముందు తేల్చుకోండి

క్లాసులో వంద మంది పిల్లలున్నారు. ఎంతమంది ఉన్నారన్నది గాఢత. మాస్టారు ప్రశ్న వేయగానే చెయ్యెత్తే గుణం బలం. పీహెచ్ లెక్కపెట్టేది లేచిన చేతులను మాత్రమే. పది చేతులు లేచాయంటే పది మంది చురుకైన పిల్లలున్న చిన్న క్లాసు కావచ్చు, వెయ్యి మంది మొహమాటస్థులున్న పెద్ద హాలు కావచ్చు.

రసాయన శాస్త్రంలో చెప్పుకుంటే, గాఢత అంటే లీటరు ద్రావణంలో ఉన్న ఆమ్లం మోల్స్. ఇది మీ చేతిలో ఉంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది. బలం ఆ పదార్థం స్వభావం. నీళ్ళలో వేసినప్పుడు హైడ్రోజన్ అయాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో అయనీకరణ స్థిరాంకం చెబుతుంది. ఎన్ని నీళ్ళు పోసినా ఆ స్థిరాంకం మారదు, ఉష్ణోగ్రత మారితేనే మారుతుంది.

కాబట్టి నాలుగు రకాల సీసాలు ఉండొచ్చు. ల్యాబులో 37 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢమైనది, బలమైనది కూడా. అదే ఆమ్లాన్ని వెయ్యో వంతుకు పలచన చేస్తే గాఢత పోతుంది, బల ఆమ్లంగానే ఉంటుంది. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం (నీళ్ళు దాదాపు లేనిది) సుమారు 17 మోలార్, అంటే లీటరుకు 17 మోల్స్ ఉంటుంది. అంత గాఢమైనా అది బలహీన ఆమ్లమే. ఇంట్లో వాడే వెనిగర్ దాని పలచటి రూపం.

బలహీన ఆమ్లం అనగానే ప్రమాదం లేనిదని అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇది నిజంగా కీడు చేసే అపోహ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పీకేఏ (బలాన్ని చెప్పే అంకె, నాలుగో భాగంలో వివరంగా చూద్దాం) విలువ 3.17, అంటే లెక్క ప్రకారం బలహీన ఆమ్లమే. కానీ అది గాజును తినేస్తుంది, చర్మంలోంచి లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసి ప్రాణం మీదికి తెస్తుంది. ప్రమాదం ఎంతో తెలుసుకోవాలంటే సీసా మీద హెచ్చరికలు చదవాలి, పీహెచ్ చూసి నిర్ణయించకూడదు.

2. ఆమ్లం పేరు చూడగానే బలమా, బలహీనమా చెప్పండి

ఇది కంఠస్థం చేయాల్సిన విషయమే, దారి లేదు. అదృష్టవశాత్తూ జాబితా చిన్నది. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్, నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలు బలమైనవి. సల్ఫ్యూరిక్ ఆమ్లం మొదటి హైడ్రోజన్ విషయంలో బలమైనది. పాఠ్యపుస్తకంలో మీకు ఎదురయ్యే మిగతావి దాదాపు అన్నీ బలహీన ఆమ్లాలే. మన వంటింట్లో పుల్లనివన్నీ ఆ కోవలోవే: నిమ్మకాయలో సిట్రిక్, చింతపండులో టార్టారిక్, పెరుగులో లాక్టిక్, వెనిగర్‌లో ఎసిటిక్.

3. బల ఆమ్లానికి లెక్క కట్టండి

ఇది తేలిక. పోసిన ఆమ్లమంతా అయాన్లుగా విడిపోతుంది కాబట్టి ఆమ్లం గాఢతే హైడ్రోజన్ అయాన్ల గాఢత.

పీహెచ్ = − లాగ్ (హైడ్రోజన్ అయాన్ల గాఢత)

0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పీహెచ్ 1. పది రెట్లు పలచన చేసి 0.01 చేస్తే 2, ఇంకో పది రెట్లకు 3. ఒక్కో మెట్టుకు పది రెట్ల తేడా. 1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ ఈ కొలమానాన్ని తెచ్చింది ఎంజైముల మీద పని చేస్తూనే. ఎంజైముల పనితీరు హైడ్రోజన్ అయాన్ల గాఢత మీద ఆధారపడుతుంది. 0.0000001 లాంటి అంకెలు రాయడం కంటే 7 అని రాయడం ఎంత సులువో చూడండి.

కాలిక్యులేటర్ లేకపోతే లాగ్ 2 = 0.30, లాగ్ 3 = 0.48, లాగ్ 5 = 0.70 గుర్తుపెట్టుకోండి. గాఢత 2 × 10⁻³ అయితే 3 లోంచి 0.30 తీసేయండి, 2.70 వస్తుంది. 5 × 10⁻⁴ అయితే 4 లోంచి 0.70 తీస్తే 3.30.

స్కేలు 0 నుంచి 14 దాకానే ఉంటుందన్న మాట కూడా ఇక్కడే వదిలించుకోండి. గాఢత 1 మోలార్ దాటితే పీహెచ్ సున్నా కంటే కిందికి దిగుతుంది. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ అనే పాత గనిలో పీహెచ్ −3.6 ఉన్న నీళ్ళను శాస్త్రవేత్తలు కొలిచారు. మామూలుగా ల్యాబులో వాడే ద్రావణాలు ఆ పరిధిలో ఇమిడిపోతాయి కాబట్టి పుస్తకాల్లో 0 నుంచి 14 అని గీస్తారు, అంతే.

సల్ఫ్యూరిక్ ఆమ్లం దగ్గర ఒక్క క్షణం ఆగండి. రెండు హైడ్రోజన్లు ఉన్నాయి కదా అని 0.1 మోలార్ ద్రావణానికి హైడ్రోజన్ అయాన్లు 0.2 అనుకుని పీహెచ్ 0.7 అని రాసేస్తుంటారు. మొదటి హైడ్రోజన్ పూర్తిగా విడిపోతుంది, రెండోదాని స్థిరాంకం 0.012 మాత్రమే. జాగ్రత్తగా కడితే మొత్తం 0.11 మోలార్ వస్తుంది, పీహెచ్ 0.96. బాగా పలచన చేసి 0.001 మోలార్‌కు తెస్తే మాత్రం రెండోది కూడా చాలావరకు విడిపోయి పీహెచ్ 2.73 దగ్గరికి వస్తుంది. పరీక్షలో పూర్తిగా విడిపోతుందని అనుకోమని ప్రశ్నలోనే చెబితే అలాగే చేయండి.

4. బలహీన ఆమ్లానికి లెక్క కట్టండి

ఇక్కడ రెండు అంకెలు కావాలి: గాఢత, అయనీకరణ స్థిరాంకం. ఎసిటిక్ ఆమ్లానికి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్థిరాంకం 1.8 × 10⁻⁵. దానికి ఋణ లాగ్ తీస్తే వచ్చే 4.74ను పీకేఏ అంటారు. పీకేఏ ఎంత తక్కువైతే ఆమ్లం అంత బలమైనది.

హైడ్రోజన్ అయాన్ల గాఢత = √(స్థిరాంకం × ఆమ్లం గాఢత)

దీన్నే లాగ్ రూపంలో రాస్తే చేత్తో చేసుకోవడానికి హాయిగా ఉంటుంది:

పీహెచ్ = ½ (పీకేఏ − లాగ్ గాఢత)

0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం తీసుకోండి. లాగ్ 0.1 అంటే −1. కాబట్టి ½ (4.74 + 1) = 2.87. మొదట్లో చెప్పిన బీకరు ఇదే. 0.01 మోలార్ అయితే ½ (4.74 + 2) = 3.37.

రెండు జవాబుల మధ్య తేడా చూశారా? పది రెట్లు పలచన చేసినా పీహెచ్ అర పాయింటే పెరిగింది. బల ఆమ్లం అయితే నిండు పాయింటు పెరిగేది. ఎందుకంటే నీళ్ళు ఎక్కువయ్యేకొద్దీ బలహీన ఆమ్లంలో విడిపోయే వాటా పెరుగుతుంది. 0.1 మోలార్ దగ్గర నూటికి 1.3 వంతులు విడిపోతే, 0.01 దగ్గర 4.2 వంతులు విడిపోతాయి. స్థిరాంకం మారలేదు, విడిపోయిన శాతం మాత్రం మారింది. బలాన్ని శాతంతో కొలవకుండా స్థిరాంకంతో కొలవడానికి కారణం ఇదే.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. విడిపోయిన వాటా 5 శాతం దాటితే వర్గమూలం చిట్కా నమ్మకండి, వర్గ సమీకరణమే సాధించండి. 0.001 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి చిట్కా 3.87 ఇస్తుంది, అసలు విలువ 3.90. పీహెచ్‌లో తేడా చిన్నదిగా కనిపించినా విడిపోయిన శాతం 13.4 కాదు, 12.5.

5. వెనిగర్‌తో చేసి చూడండి

కాగితం మీద అర పాయింటు అని చదవడం వేరు, పట్టీ రంగు మారడం కళ్ళతో చూడటం వేరు. ఈ ప్రయోగానికి ఇల్లు చాలు.

కావలసినవి: రంగు లేని తెల్ల వెనిగర్, మూడు గాజు గ్లాసులు, మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి (సూది వద్దు), పీహెచ్ పట్టీలు, డిస్టిల్డ్ వాటర్. పట్టీలు 1 నుంచి 14 దాకా చూపేవి ఇక్కడ పనికిరావు, అర పాయింటు తేడా వాటిలో తెలియదు. 0 నుంచి 6 దాకా, అర పాయింటు మెట్లు ఉన్నవి వెతికి కొనండి.

నీళ్ళ విషయంలో రాజీ పడకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. బోరు నీళ్ళు వాడితే ప్రయోగం చెడిపోతుంది, అదెలాగో లెక్క చూడండి. లీటరుకు 300 మి.గ్రా. బైకార్బొనేట్ ఉన్న నీళ్ళంటే దాదాపు 0.005 మోలార్. మనం చివర్లో చేయబోయే వెనిగర్ ద్రావణం 0.0067 మోలార్ మాత్రమే. అంటే ఉన్న ఆమ్లంలో దాదాపు మూడు పాళ్ళు బోరు నీళ్ళే తినేస్తాయి, ఒక పాలు మిగులుతుంది. పీహెచ్ 5 దాటిపోతుంది.

సీసా మీద 4 శాతం ఎసిటిక్ ఆమ్లం అని ఉందనుకుందాం. లీటరుకు 40 గ్రాములు, అణుభారం 60 కాబట్టి 0.67 మోలార్.

మొదటి గ్లాసులో వెనిగర్ అలాగే పోయండి. రెండో దాంట్లో 90 మి.లీ. నీళ్ళు కొలిచి పోసి, దాంట్లోకి 10 మి.లీ. వెనిగర్ వదిలి బాగా కలపండి. సిరంజిని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రెండో గ్లాసులోది కొంచెం లాగి పారబోయండి. తర్వాత అందులోంచే 10 మి.లీ. తీసి, 90 మి.లీ. నీళ్ళున్న మూడో గ్లాసులో కలపండి. ఆ పారబోయడం అనవసరమనిపిస్తుంది, కానీ సిరంజిలో మిగిలిన తడి గాఢతను మార్చకుండా ఉండాలంటే అది చేయాల్సిందే.

ఇప్పుడు ఒక్కో గ్లాసులో కొత్త పట్టీ ముంచి, పెట్టె మీద రాసినంత సేపు ఆగి, పగటి వెలుతురులో రంగు పోల్చండి. లెక్క ప్రకారం రావాల్సినవి 2.46, 2.96, 3.46. పట్టీలో 2.5, 3, 3.5 దగ్గర రంగులు కనిపించాలి. వంద రెట్లు పలచన చేస్తే ఒక్క పాయింటు! అదే 2.46 పీహెచ్ ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మొదలుపెట్టి ఉంటే మూడో గ్లాసు 4.46కు చేరేది.

పేరు తెలియని ఆమ్లం ఇచ్చి, అది బలమైనదా కాదా చెప్పమంటే ఇదే దారి. పీహెచ్ చూడండి, పది రెట్లు పలచన చేయండి, మళ్ళీ చూడండి. ఒక పాయింటు పెరిగితే బల ఆమ్లం. అర పాయింటు దగ్గరుంటే బలహీన ఆమ్లం.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో ఇంట్లో పోల్చి చూద్దామని దయచేసి అనుకోకండి. దాని పొగ ఊపిరితిత్తులకు చెడ్డది, బ్లీచింగ్ పౌడర్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో చేసేదంతా కాలేజీ ల్యాబులో, కళ్ళద్దాలు పెట్టుకుని, లెక్చరర్ ఎదుట చేయండి. గాఢ ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీళ్ళలోకి కొద్దికొద్దిగా పోయాలి. ఆమ్లంలోకి నీళ్ళు పోస్తే పుట్టే వేడికి అది ఎగిరి మొహాన పడుతుంది.

6. టైట్రేషన్‌తో గాఢత, బలం రెండూ ఒకేసారి పట్టండి

నా దృష్టిలో ఈ పాఠం మొత్తానికీ గుండెకాయ ఈ ప్రయోగం. ఎన్ని సూత్రాలు వల్లెవేసినా బ్యూరెట్ తిప్పి చూసినప్పుడే విషయం ఒంటబడుతుంది.

పదోవంతుకు పలచన చేసిన వెనిగర్ 10 మి.లీ. పిపెట్‌తో తీసి కానికల్ ఫ్లాస్కులో వేయండి. రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకు మారే సూచిక) వేయండి. బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ నింపి, ముక్కు కింద గాలి బుడగ లేకుండా చూసి, మొదటి రీడింగ్ రాసుకోండి. ద్రవం పైభాగం వంపు అడుగును కంటికి సమానంగా పెట్టుకుని చదవాలి.

కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ ఎడమచేత్తో కుళాయి వదలండి. క్షారం పడిన చోట గులాబీ రంగు మెరిసి మాయమవుతుంది. ఆ రంగు మాయం కావడానికి ఎక్కువ సేపు పడుతోందంటే దగ్గరికొచ్చినట్టు, ఇక చుక్కచుక్కగా వేయండి. లేత గులాబీ అర నిమిషం నిలిస్తే ఆపేయండి. ఇంకా ఎక్కువసేపు పెడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల రంగు మళ్ళీ పోతుంది, కంగారు పడి ఇంకో చుక్క వేయకండి.

6.7 మి.లీ. దగ్గర ఆగుతారు. ఇప్పుడు దీనితో సమానమైన పీహెచ్, అంటే 2.96 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ. తీసుకుని అదే చేయండి. దాని గాఢత 0.0011 మోలార్, కావలసిన క్షారం 0.11 మి.లీ. బ్యూరెట్ చుక్క ఒకటి సుమారు 0.05 మి.లీ. ఉంటుంది కాబట్టి రెండు చుక్కలకే గులాబీ రంగు వచ్చేస్తుంది! ఒకే పీహెచ్ ఉన్న రెండు ఫ్లాస్కుల్లో ఒకటి రెండు చుక్కలతో సరిపెట్టుకుంది, రెండోది 6.7 మి.లీ. తాగింది. క్షారం హైడ్రోజన్ అయాన్లను తీసేస్తుంటే ఎసిటిక్ ఆమ్లం లోపల దాచుకున్నవాటిని వదులుతూనే ఉంటుంది.

టైట్రేషన్ చెప్పేది మొత్తం ఆమ్లం, పీహెచ్ చెప్పేది విడిపోయిన ఆమ్లం. నాలుక కూడా కొంతవరకు మొత్తాన్ని పట్టించుకుంటుంది. ఒకే పీహెచ్ దగ్గర బలహీన ఆమ్లాలు బల ఆమ్లం కంటే ఎక్కువ పుల్లగా ఉంటాయి, ఎందుకంటే లాలాజలం కొంత ఆమ్లాన్ని తటస్థం చేసినా వెనక నిల్వ ఉంటుంది. (ల్యాబులో ఏదీ రుచి చూడకూడదు.)

ఇక బలం సంగతి. ఫ్లాస్కులో మీటరు కూడా పెట్టి, సరిగ్గా సగం క్షారం పడినప్పుడు, అంటే 3.35 మి.లీ. దగ్గర పీహెచ్ చదవండి. 4.74 దగ్గర్లో ఉంటుంది. అది ఎసిటిక్ ఆమ్లం పీకేఏ! సగం ఆమ్లం ఉప్పుగా మారి, సగం మిగిలినప్పుడు ఆ రెండూ సమానం కావడం వల్ల పీహెచ్ నేరుగా పీకేఏకు చేరుతుంది. పూర్తి రీడింగ్ నుంచి గాఢత, సగం రీడింగ్ నుంచి బలం.

మీటరును ముందుగా 4.01, 7.00 బఫర్లతో (పీహెచ్ కచ్చితంగా తెలిసిన ద్రావణాలతో) సరిచేసుకోండి. ఎలక్ట్రోడ్ గాజు బుడ్డీని టిష్యూతో రుద్దకూడదు, తడిని అద్ది తీయాలి. పని అయ్యాక దాన్ని 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి, డిస్టిల్డ్ వాటర్‌లో వదిలేస్తే పాడవుతుంది.

సూచికగా మిథైల్ ఆరెంజ్ వాడితే ఈ టైట్రేషన్ చెడిపోతుంది. అది 3.1 నుంచి 4.4 మధ్యలోనే రంగు మార్చేస్తుంది. మన తుల్య బిందువు (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయే చోటు) పీహెచ్ 8.7 దగ్గర ఉంది, ఎందుకంటే అక్కడ మిగిలేది సోడియం ఎసిటేట్, అది కాస్త క్షార గుణం చూపిస్తుంది.

7. తరచూ తప్పే చోట్లు

పీహెచ్ 2 ఉన్న బల ఆమ్లాన్నీ పీహెచ్ 4 ఉన్న బల ఆమ్లాన్నీ సమానంగా కలిపితే 3 రాదు. పీహెచ్‌లకు సగటు తీయకూడదు, అయాన్లకు తీయాలి. (0.01 + 0.0001) ÷ 2 = 0.00505, పీహెచ్ 2.30.

10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పీహెచ్ 8 అని రాస్తే ఆమ్లాన్ని క్షారం చేసినట్టు. అంత పలచనైనప్పుడు నీళ్ళు సొంతంగా ఇచ్చే అయాన్లనూ కలపాలి, ఆమ్లం ఉండటం వల్ల అవి 10⁻⁷ కంటే కాస్త తక్కువే ఉంటాయి. సరైన జవాబు 6.98.

8. ఈ లెక్క మీరే చేయండి

పేరు తెలియని, ఒకే హైడ్రోజన్ ఇచ్చే ఆమ్లం 10 మి.లీ. ఇచ్చారు. పీహెచ్ 2.43. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 8.0 మి.లీ. పట్టింది. గాఢత ఎంత, ఆమ్లం ఏది? ఎసిటిక్ (4.74), బెంజోయిక్ (4.20), ఫార్మిక్ (3.75) ఆమ్లాల్లోంచి ఎంచుకోండి, బ్రాకెట్లో ఉన్నవి పీకేఏ విలువలు.

గాఢత 0.1 × 8.0 ÷ 10 = 0.08 మోలార్. పీహెచ్ 2.43 అంటే హైడ్రోజన్ అయాన్లు 0.0037 మోలార్, అంటే విడిపోయింది 4.6 శాతమే, కాబట్టి బలహీన ఆమ్లం. స్థిరాంకం = 0.0037² ÷ (0.08 − 0.0037) = 1.8 × 10⁻⁴. పీకేఏ 3.74. ఫార్మిక్ ఆమ్లం, చీమ కుట్టినప్పుడు మంట పుట్టించేది. సరిచూసుకోవాలంటే 4.0 మి.లీ. క్షారం పడ్డాక మీటరు చదవండి, 3.75 దగ్గర్లో ఉంటే మీ లెక్క ఒప్పు.